స్కూబా డైవింగ్‌లో రెండు ట్యాంకులతో దిగినప్పుడు గాలి ఎంతుందో బడ్డీకి, అంటే తోటి డైవర్‌కి, ఎలా చెప్పాలి?

చిన్న సమాధానం ముందే చెప్పేస్తాను. రెండు ట్యాంకుల అంకెలూ కలిపి చెప్పకండి, సగటు తీసి కూడా చెప్పకండి. ట్యాంకులు విడివిడిగా, ఒంటికి చెరోపక్కా ఉంటే, అంటే సైడ్‌మౌంట్ అయితే, రెండింట్లో తక్కువ ఉన్నదాని అంకె చెప్పండి. అదీ బోటు మీదే మాట అనుకున్నాక. వీపు మీది రెండు ట్యాంకుల్నీ మ్యానిఫోల్డ్ అనే గొట్టంతో కలిపిన ట్విన్‌సెట్ అయితే ఒకే అంకె చాలు, కానీ ఆ అంకెను ఎప్పుడు నమ్మకూడదో మీ బడ్డీకి కూడా తెలిసుండాలి. అత్యవసరానికి పెట్టుకునే చిన్న పోనీ ట్యాంకు, దారిలో వదిలేసి వెళ్ళే స్టేజ్ ట్యాంకు, పైకొస్తూ ఆగేచోట పీల్చే డెకో ట్యాంకు, వీటిల్లో ఉన్నది ఈ లెక్కలోకి రానే రాదు. ఎందుకు అనేది కింద రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే వచ్చింది, తీరిగ్గా చదవండి.

మీరు అడిగింది ఇదీ. అండమాన్‌లోని హావ్‌లాక్‌లో జానీస్ గార్జ్ అనే డైవింగ్ చోట మీరొక్కరే సైడ్‌మౌంట్, మిగతా ముగ్గురూ సింగిల్ ట్యాంకు. గైడ్ రెండు వేళ్ళు అరచేతిలో కొట్టి గాలెంత అని అడిగితే, మీరు 110 బార్ (ట్యాంకులో గాలి ఒత్తిడి కొలత) చూపించి వెంటనే 140 చూపించారు. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. దగ్గరికొచ్చి మీ గేజ్ తిప్పి చూసుకుని, అదీ ఒక్కటే చూసి, ఇంకాసేపటికే అందర్నీ పైకి లేపేశాడు. ఇప్పుడు మీ సందేహం: 250 అనాలా, 125 అనాలా, రెండూ చెప్పాలా? రేపు ట్విన్‌సెట్, స్టేజ్ నేర్చుకున్నాక ఎలా?

గైడ్ తప్పేమీ లేదు. నలుగురిని వెంటబెట్టుకుని 25 మీటర్ల లోతులో కరెంట్‌లో ఉన్న మనిషికి రెండు సెకన్లలో రెండు అంకెలు చూపిస్తే, మొదటిది తప్పుగా చూపించి దిద్దుకున్నారేమో అనుకుంటాడు. 110 అని చెప్పి 140 అని మార్చుకున్న డైవర్‌ని ఎవరైనా అనుమానించాల్సిందే. నీటి కింద గాలి పెరగదు కదా.

అసలు ఆయన అడిగేది అంకె కాదు. ఇంకా ముందుకెళ్ళొచ్చా, వెనక్కి తిరగాలా అనేది ఒకటి. పక్కవాడి గాలి అయిపోతే మీ దగ్గర్నుంచి ఇప్పించి ఇద్దర్నీ పైకి తేవచ్చా అనేది రెండోది. సింగిల్ ట్యాంకులో ఈ రెంటికీ గేజ్ మీది ఒక్క అంకే జవాబు. రెండు ట్యాంకులు పెట్టుకున్నప్పుడు ఈ రెండు ప్రశ్నలకీ జవాబులు వేరైపోతాయి. మొత్తం గాలి బోలెడు ఉండొచ్చు, పక్కవాడికి ఇవ్వాల్సిన ట్యాంకులో మాత్రం ఉండకపోవచ్చు. గొడవంతా ఇక్కడే.

మీ లెక్కే తీసుకుందాం. అల్యూమినియం 80 అనే రకం ట్యాంకు నీటి కొలతలో 11.1 లీటర్లు, దాన్ని బార్‌లతో గుణిస్తే గాలెంతో వస్తుంది. 110 బార్ అంటే 1,221 లీటర్ల గాలి, 140 బార్ అంటే 1,554. మొత్తం 2,775 లీటర్లు. మీ స్నేహితుడు 200 బార్‌తో నిండు ట్యాంకు వేసుకుని నీళ్ళలో దూకినప్పుడు అతని దగ్గరున్నది 2,220. అంటే మీరు 110 అని చూపించిన ఆ క్షణాన మీ దగ్గరున్న గాలి, డైవ్ మొదట్లో అతనికి ఉన్నదానికంటే ఎక్కువ. 18 మీటర్ల లోతులో నిమిషానికి ఉపరితల లెక్కన 15 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ ఒత్తిడి 2.8 రెట్లు కాబట్టి 42 లీటర్లు ఖర్చవుతాయి. ఆ లెక్కన రిజర్వ్ పక్కన పెట్టకపోతే అది గంట పైమాటే. గైడ్‌కి కనిపించింది మాత్రం 110.

అలాగని 250 చూపిస్తే? ఆ పడవలో ఎవరి గేజూ 210 దాటదు. 250 అనేసరికి ముందు మీ చేతిని, తర్వాత మీ బుర్రని అనుమానిస్తాడు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. కలిపిన అంకె ఏ ట్యాంకులో ఎంతుందో దాచేస్తుంది. ఎడమ 40, కుడి 160 ఉన్నా మొత్తం 200, సగటు 100. చాలామంది సగటే మేలంటారు, సింగిల్ ట్యాంకు వాళ్ళకి అలవాటైన అంకెలా కనిపిస్తుంది కాబట్టి. కానీ ఆ కుడి రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని పీల్చేది) ఒక్కసారి ఫ్రీఫ్లో అయిందంటే, అంటే ఆగకుండా గాలి వదిలేసిందంటే, 100 ఉందని చెప్పిన మనిషి దగ్గర నిజానికి 40 మిగులుతుంది. సైడ్‌మౌంట్ అంటే రెండు వేర్వేరు బ్యాంకు ఖాతాలు. ఒక కార్డు పోతే ఆ ఖాతాలోది ఎంతున్నా చేతికి రాదు.

అందుకే తక్కువ ఉన్న అంకె చెప్పమంటాను. దానిలో తప్పు జరిగినా అది మంచివైపే జరుగుతుంది. అయితే దీనికీ ఒక తిరకాసు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. సైడ్‌మౌంట్‌లో మనం 30 బార్ తేడా దాటకుండా ఒక ట్యాంకు నుంచి ఇంకోదానికి మారుతూ ఉంటాం కదా. పై లెక్కన 18 మీటర్ల దగ్గర ఒక ట్యాంకులో 30 బార్ తగ్గడానికి దాదాపు 8 నిమిషాలు పడుతుంది. ఎడమ 110, కుడి 140 ఉన్నప్పుడు కుడిదాంట్లోంచి పీలుస్తున్నారనుకోండి. 8 నిమిషాల పాటు ఎప్పుడు అడిగినా మీ జవాబు 110. కుడిది కూడా 110కి వచ్చాక, తర్వాతి 8 నిమిషాల్లో అది 80కి పడిపోతుంది. అప్పుడు ఎడమకి మారతారు, మళ్ళీ 8 నిమిషాలు 80 దగ్గరే నిలబడుతుంది. బుద్ధిగా లెక్క పెట్టుకునే బడ్డీ అయితే, ఈయన గేజ్ చెడిపోయిందని టెన్షన్ పడతాడు. లేదా, ఎంత తక్కువ పీలుస్తున్నాడో అని మెచ్చుకుని తర్వాత ఒక్కసారిగా పడిపోతే కంగారు పడతాడు. ఈ మెట్లుమెట్లుగా దిగే లెక్క సంగతి ముందే చెప్పాలి. నీళ్ళలో దాన్ని వివరించడానికి చేతిసైగలేమీ లేవు.

కాబట్టి బోటు మీద ఒక్క నిమిషం మాట్లాడండి. గైడ్‌తో నేనైతే ఇలా చెప్తాను: "అన్నా, నాకు రెండు ట్యాంకులు, విడివిడిగా. మీరు అడిగినప్పుడు రెండింట్లో తక్కువ ఉన్నదే చెప్తా. కాసేపు అదే అంకె వస్తుంది, ఖంగారు పడకండి. ఒక్కోదాంట్లో 50 వచ్చేసరికి నేను పైన ఉండాలి. అంతకు ముందు నా గాలి గురించి మీరు గ్రూప్‌ని తిప్పక్కర్లేదు, ముందు అయిపోయేది నాది కాదు. ఎవరికైనా గాలి కావాలంటే నా పొడుగు హోస్ ఇది, కుడి ట్యాంకుది." ఇంతే. గైడ్ హిందీ మాట్లాడితే హిందీలో చెప్పుకోండి, తమిళం మాట్లాడితే తమిళంలో చెప్పుకోండి. రెండు గేజ్‌లూ ఆయనకి ఒకసారి చేత్తో పట్టుకుని చూపించండి. సైడ్‌మౌంట్ గేజ్‌లు పొట్టి హోస్‌లకి ఛాతీ దగ్గర ఉంటాయి, కొన్ని పైకి చూస్తాయి, కొన్ని కిందికి. అలవాటు లేనివాడికి ఏది ఎడమదో ఏది కుడిదో నీళ్ళలో తెలియదు. మీ గైడ్ ఒక్కటే చూసి వదిలేసింది అందుకే.

ఇక చేతిసైగలు. ఇక్కడ ఊరికో పద్ధతి ఉంది, అందులోనూ ప్రమాదకరమైన తేడాలున్నాయి. ఆసియాలో చాలాచోట్ల రెండు చేతులతో ఇంగ్లీషు టి ఆకారం పెడితే 100 బార్, పిడికిలి అంటే 50. టెక్నికల్, కేవ్ డైవింగ్ నేర్చుకున్నవాళ్ళకి అదే పిడికిలి "ఆగు" అని. మీరు 50 అని చెప్తే ఆయన ఆగిపోయి, ఎందుకు ఆపారా అని మీ మొహం చూస్తూ ఉంటాడు. అమెరికాలో నేర్చుకుని సెలవులకి అండమాన్ వచ్చే మనవాళ్ళతో ఇంకో చిక్కు. వాళ్ళు లెక్కపెట్టేది పీఎస్ఐలో. వాళ్ళు ఒకటి, అయిదు చూపిస్తే 1,500 పీఎస్ఐ, అంటే సుమారు 103 బార్. బార్‌లో ఆలోచించేవాళ్ళకి అదే సైగ 150. దాదాపు 50 బార్ తేడా, ఇద్దరూ ఓకే పెట్టుకుని ముందుకెళ్ళిపోతారు. అద్దెకి తెచ్చుకున్న గేజ్ మీద ఏ కొలత ఉందో ఒకసారి చూసుకుని, ఏ కొలతలో మాట్లాడుకోవాలో తేల్చుకోండి.

నేను సిఫారసు చేసేది ఒంటిచేత్తో అంకెలు చెప్పే పద్ధతి. ఒకటి నుంచి అయిదు దాకా వేళ్ళు నిలువుగా. ఆరు నుంచి తొమ్మిది దాకా చెయ్యి అడ్డంగా తిప్పి ఒక వేలు, రెండు, మూడు, నాలుగు. చివరి సున్నా వదిలేయొచ్చు: 130కి ఒకటి, మూడు, 90కి అడ్డంగా నాలుగు వేళ్ళు. రెండో చెయ్యి టార్చ్‌కో తాడుకో ఖాళీగా ఉంటుంది. చెయ్యి మీ ఛాతీకి ముందు, నల్లటి సూట్ మీద కాకుండా కొంచెం పక్కకి పెట్టి, అరచెయ్యి అవతలివాళ్ళ వైపు ఉండేలా చూపించండి. అంకెకీ అంకెకీ మధ్య చెయ్యి కొద్దిగా దించండి. 110 లాంటివి చెప్పినప్పుడు ఒకటి, ఒకటి అని ఒకేచోట ఊపితే ఒక్కటే అంకెను నొక్కి చెప్పినట్టు ఉంటుంది. రెండోసారి చెయ్యి ఒక జానెడు పక్కకి జరపండి. అవతలివాళ్ళు అదే అంకె తిరిగి చూపించాలి. ఉత్త ఓకే నాకు ఒప్పుకోబుద్ధి కాదు, ఓకే అనేది చాలాసార్లు "ఏదో చూపించావులే" అన్న అర్థంలోనే వస్తుంది. వైజాగ్‌లోనో పుదుచ్చేరిలోనో నీళ్ళు మసకగా ఉన్న రోజున మోచేతి దూరానికి రండి, మీ టార్చ్ మీ చేతి మీదే వేసుకుని చూపించండి. టార్చ్‌ని అవతలివాళ్ళ కళ్ళలోకి కొట్టకండి.

ఇద్దరూ సైడ్‌మౌంటే అయితే రెండు అంకెలూ చెప్పుకోవచ్చు, చెప్పుకోవాలి కూడా. అప్పుడు ముందు ట్యాంకుని చేత్తో తట్టి తర్వాత అంకె. ఎడమ తట్టి 110, కుడి తట్టి 140. ఎప్పుడూ ఎడమే ముందు అని ఒక నియమం పెట్టుకుంటే, తట్టడం కనపడకపోయినా నష్టం లేదు. చివర్లో ఇప్పుడు ఏ ట్యాంకు మీద ఉన్నారో ఆ వైపు ఇంకోసారి తట్టండి. ఇది అలంకారం కాదు. పొడుగు హోస్ సాధారణంగా కుడి ట్యాంకుకి ఉంటుంది. మీరు కుడిదాంట్లోంచి పీలుస్తుంటే అది మీ నోట్లో ఉంటుంది. ఎడమదాంట్లోంచి పీలుస్తుంటే అది భుజం దగ్గర డి-రింగ్‌కి క్లిప్ చేసి ఉంటుంది. గాలి అందక మీదికొచ్చే మనిషి ఎక్కడ చెయ్యి పెట్టాలో ఇది చెప్తుంది. సైడ్‌మౌంట్ బడ్డీని చూసే కన్ను ఇంకోటి కూడా నేర్చుకోవాలి: అల్యూమినియం ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ తేలికై అడుగుభాగం పైకి లేస్తుంది. మీ బడ్డీ ఎడమ ట్యాంకు తోక పైకి లేచి కుడిది ఒంటికి అంటిపెట్టుకుని ఉంటే, మారడం మర్చిపోయాడేమో అడగండి. గేజ్ చూడక్కర్లేదు.

ఇలా బడ్డీకి చెప్పుకునే సంగతి పెద్దగా ఎవరికీ తట్టకపోవడానికి కారణం ఉంది. సైడ్‌మౌంట్ పుట్టింది బ్రిటన్‌లో గుహల్లోని సంప్‌లలో (నీళ్ళు నిండిన దారుల్లో), ఇరుకు సందుల్లో పాకుతూ వెళ్ళే కేవర్ల దగ్గర. అక్కడ చాలాసార్లు ఒంటరిగానే వెళ్ళేవాళ్ళు. తోటివాడికి చెప్పాల్సిన పనే లేదు. తర్వాత ఫ్లోరిడా గుహల్లో, మెక్సికో సెనోటేల్లో (నీళ్ళు నిండిన సున్నపురాయి గోతుల్లో) బాగా పెరిగింది. ఆ మీదటే మామూలు సముద్రపు డైవింగ్‌లోకి, సింగిల్ ట్యాంకు వాళ్ళ మధ్యలోకి వచ్చింది. సామాను వచ్చేసింది, దాంతో మాట్లాడుకునే భాష మాత్రం ఇంకా ఎవరికివాళ్ళు తయారుచేసుకుంటున్నారు.

ఒక్కో ట్యాంకులో 50 అని పైన ఊరికే అనలేదు. 30 మీటర్ల నుంచి లెక్క వేయండి. సమస్య తేల్చుకోడానికి అక్కడే ఒక నిమిషం, 4 బార్ ఒత్తిడిలో. నిమిషానికి 10 మీటర్ల చొప్పున మూడు నిమిషాలు పైకి, సగటు 2.5 బార్. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం, 1.5 బార్. నిమిషాల్ని ఒత్తిడితో గుణిస్తే వచ్చే 4, 7.5, 4.5 కలిపితే 16. ఒక మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలిస్తే 320 లీటర్లు, భయంతో 30 పీలిస్తే 480. ఇద్దరికీ అయితే 640 నుంచి 960. సింగిల్ 80 ట్యాంకులో ఆ 640 లీటర్లకే దాదాపు 58 బార్ కావాలి. సైడ్‌మౌంట్‌లో గాలి ఇచ్చుకున్నప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో ట్యాంకు మీద ఉంటారు. కాబట్టి ఒక్కో ట్యాంకులో ఒక మనిషిని పైకి చేర్చేంత ఉండాలి: మామూలుగా 29 బార్, భయపడితే 43. గేజ్‌లు అటూఇటూ కొంచెం తప్పు చూపిస్తాయి కాబట్టి 50. అలా ఉంటే ఒక ట్యాంకు పూర్తిగా పోయినా మీరు రెండోదాంతో పైకి రాగలరు. మొత్తం 100 ఉంది కదా అని ఒకదాంట్లో 85, ఇంకోదాంట్లో 15 పెట్టుకుంటే ఈ లెక్క కూలిపోతుంది. నాకింకో అలవాటు ఉంది, అందరూ ఒప్పుకోరు: డైవ్ చివరికి వచ్చేసరికి పొడుగు హోస్ ఉన్న ట్యాంకులో రెండోదానికంటే తక్కువ లేకుండా చూసుకుంటాను. భయపడినవాడు నాకంటే ఎక్కువ పీలుస్తాడు, ఆ ట్యాంకు వాడిది.

ట్విన్‌సెట్ దగ్గరికి వద్దాం. మ్యానిఫోల్డ్‌తో కలిపిన రెండు ట్యాంకులు, మధ్యలో రెండింటినీ విడదీసే ఐసోలేటర్ వాల్వ్ తెరిచి ఉంటే, ఒకే పెద్ద ట్యాంకు కింద లెక్క. గేజ్ ఒకటే, మామూలుగా ఎడమ పోస్ట్‌కి (ఎడమ ట్యాంకు వాల్వ్‌కి). చెప్పాల్సిన అంకే ఒకటే. 12 లీటర్ల జతలో 100 బార్ అంటే 2,400 లీటర్లని పక్కవాళ్ళకి తెలిస్తే చాలు. ఇక్కడ అసలు ప్రమాదం ఐసోలేటర్ మూసి ఉండటం. గాలి నింపేచోట ఎవరో మూసి మళ్ళీ తెరవడం మర్చిపోతారు. మీ నోట్లో ఉన్న పొడుగు హోస్ కుడి పోస్ట్‌ది, గేజ్ ఎడమది. మీరు కుడి ట్యాంకు ఖాళీ చేస్తూ ఉంటారు, గేజ్ మాత్రం నిండుగా 200 దగ్గరే కూర్చుని ఉంటుంది.

దీన్ని మీరు పట్టుకోకపోయినా మీ బడ్డీ పట్టుకోగలడు, అంకెలు చెప్పుకునే అలవాటు ఉంటేనే. 30 మీటర్ల దగ్గర నిమిషానికి 60 లీటర్లు ఖర్చయితే 24 లీటర్ల జతలో నిమిషానికి 2.5 బార్ తగ్గాలి. పది నిమిషాల తర్వాత 25 బార్ తగ్గి ఉండాలి. దిగినప్పుడు 200 అన్న మనిషి పది నిమిషాలకి కూడా 200 అంటే ఓకే పెట్టకండి. ఐసోలేటర్ చూసుకోమని తల వెనక వైపు చూపించండి. వాల్వ్ తెరవగానే బుస్సుమని గాలి ఒకవైపు నుంచి ఇంకోవైపు పోతుంది, గేజ్ ముల్లు కళ్ళముందే పడుతుంది. గాలి తగ్గిందని చెప్పేవాడి కంటే అసలు తగ్గలేదని చెప్పేవాడిని ముందు అనుమానించాలి. ఇంకొక సంగతి: లీకై కావాలనే ఐసోలేటర్ మూయాల్సి వస్తే, ఆ క్షణం నుంచి మీది రెండు విడి ట్యాంకుల సెట్టు. గేజ్ ఎడమది మాత్రమే చెప్తుంది. అప్పుడు అంకె చెప్పడం మానేసి బొటనవేలు పైకి పెట్టండి, డైవ్ అయిపోయింది.

పోనీ ట్యాంకు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 3 లీటర్లు, 200 బార్ అంటే 600 లీటర్లు, 30 మీటర్ల నుంచి ఒక మనిషి పైకి రావడానికి సరిపోతుంది. అది ప్లాన్‌లో వాడే గాలి కాదు. బోటు మీద నిండుగా ఉందని బడ్డీకి చూపించి, తర్వాత దాని మాట ఎత్తకండి. ఎత్తాల్సి వచ్చిందంటే అప్పటికే ఏదో తప్పింది.

స్టేజ్, డెకో ట్యాంకులతో మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే వాటిల్లో ఉన్నది అన్ని లోతుల్లోనూ పీల్చదగ్గది కాదు. 50 శాతం ఆక్సిజన్ ఉన్న డెకో ట్యాంకు 21 మీటర్ల కంటే పైన మాత్రమే. 30 మీటర్ల దగ్గర దాన్ని పీలిస్తే ఆక్సిజన్ పీడనం 2 బార్ అవుతుంది, మూర్ఛ రావచ్చు. శుద్ధ ఆక్సిజన్ అయితే 6 మీటర్ల దగ్గరే. కాబట్టి అడుగున ఉన్నప్పుడు గాలెంత అని అడిగితే వీపు మీదో పక్కనో ఉన్న బాటమ్ గ్యాస్ (అడుగున పీల్చే గాలి) అంకె మాత్రమే జవాబు. డెకో ట్యాంకు సంగతి వేరే చెప్పాలనుకుంటే దాన్ని చేత్తో పట్టుకుని చూపించి, తర్వాత అంకె. అది కూడా దానికి మారాల్సిన లోతు దగ్గరికి వచ్చాకే. అక్కడ అంకె కన్నా ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది: ట్యాంకు మీద పెద్ద అక్షరాలతో రాసిన లోతు, నోట్లో పెట్టుకోబోయే రెగ్యులేటర్ ఆ ట్యాంకుదేనా అని హోస్ వెంట చెయ్యి పోనిచ్చి చూడటం. మీ బడ్డీ ఇవి చూసి ఓకే అన్నాకే మీరు పీల్చడం. స్టేజ్‌లో ఉన్నది బాటమ్ గ్యాసే అయినా నేను దాన్ని వీపు అంకెతో కలపను. అది తాడు దగ్గర వదిలేసి వెళ్ళే ట్యాంకు. మీ ఒంటి మీద లేని గాలి బడ్డీకి అక్కరకు రాదు.

గుహల్లో, ఓడ శిథిలాల లోపల మూడోవంతు నియమంతో (గాలిలో ఒక వంతు లోపలికి, ఒక వంతు బయటికి, ఒక వంతు ఆపదకి) వెళ్ళేటప్పుడు ఇంకో మెలిక వస్తుంది. ఒకరికి 12 లీటర్ల ట్విన్‌సెట్, 210 బార్: 5,040 లీటర్లు, మూడోవంతు 1,680. ఇంకొకరికి రెండు 80 ట్యాంకుల సైడ్‌మౌంట్, 180 బార్: 3,996 లీటర్లు, మూడోవంతు 1,332. ట్విన్‌సెట్ ఆయన తన మూడోవంతు వాడుకుని 140 దగ్గర తిరిగితే, లోపలి చివర్లో ఆయన గాలి పోయినప్పుడు రెండో ఆయన దగ్గర పక్కన పెట్టిన 1,332 ఆయన్ని బయటికి తేలేదు. అందుకని ఇద్దరూ చిన్న మూడోవంతునే వాడాలి. 1,332 లీటర్లంటే ట్విన్‌సెట్‌లో 55 బార్, ఆయన 155 దగ్గర తిరగాలి. సైడ్‌మౌంట్ ఆయన ఒక్కో ట్యాంకులో 60 వాడి 120 దగ్గర. 155 అన్నా 120 అన్నా ఇద్దరి మాటా ఒకటే, "నా వంతు అయింది, తిరుగుదాం" అని. ఈ రెండు అంకెలూ దిగేముందు ఇద్దరి వెట్‌నోట్స్‌లోనూ (నీళ్ళలో వాడే నోట్‌బుక్) రాసి ఉండాలి, మీదీ అవతలివారిదీ. లోపల ఇక బార్‌లు చెప్పుకునే పనే తగ్గిపోతుంది. ఎవరి అంకె ముందు వస్తే వాళ్ళు తిరుగుదామని చూపుడు వేలు గుండ్రంగా తిప్పుతారు, అవతలివాళ్ళు బేరం ఆడకుండా తిరుగుతారు.

ట్యాంకు ప్రెషర్‌ని వైరు లేకుండా చేతి మీది డైవ్ కంప్యూటర్‌కి పంపే ట్రాన్స్‌మిటర్లు కొనుక్కుంటే ఇదంతా తప్పుతుందా అని కూడా అడిగారు. కొంతవరకు తప్పుతుంది. సైడ్‌మౌంట్ మోడ్ ఉన్న కంప్యూటర్లు రెండు ట్యాంకుల ప్రెషర్లూ పక్కపక్కనే చూపిస్తాయి, తేడా పెరిగితే మారమని గుర్తు చేస్తాయి. గార్మిన్ డిసెంట్ కొన్ని మోడళ్ళలో సోనార్ (నీళ్ళలో శబ్ద తరంగాలు) ద్వారా బడ్డీ ట్యాంకు ప్రెషర్ కూడా మీ చేతి మీదే కనపడుతుంది. మంచి సౌకర్యమే. నా అభ్యంతరం ఒక్కటే: రెండు ట్రాన్స్‌మిటర్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అద్దె ట్యాంకులకి బిగించేటప్పుడు ఎడమది కుడికి వెళ్ళిపోవడం చాలా మామూలు. అప్పుడు మీరు ఎడమ తట్టి కుడిదాని అంకె చెప్తుంటారు, ఎంతో నమ్మకంగా. ఒకదానికి రంగు టేపు చుట్టండి. బోటు మీద ఎడమ వాల్వ్ మూసి, ఎడమ రెగ్యులేటర్ పర్జ్ (గాలి వదిలే బటన్) నొక్కి, తెర మీద ఏ అంకె పడిపోతుందో చూడండి. ఎడమదే పడితే సరే. వాల్వ్ మళ్ళీ తెరిచి, రెండు రెగ్యులేటర్లలోంచీ గేజ్ చూస్తూ నాలుగు ఊపిరులు పీల్చి, అప్పుడు దూకండి.